న్యాషా ఆకలిని ఎలా చదవాలి?

స్త్రీలు తిండి మానెయ్యడం నిరసన అనే మాట సాహిత్య విమర్శలో స్థిరపడిపోయింది. నోరు విప్పి కాదనలేని అమ్మాయి నోరు కట్టుకుని కాదంటుందనీ, మాటకు చోటులేని ఇంట్లో శరీరమే మాట్లాడుతుందనీ చదువుకున్నాం, పాఠాలు చెప్పుకున్నాం, సిద్ధాంత గ్రంథాల్లో రాసుకున్నాం. సూసీ ఆర్బాక్ 1978లో 'ఫ్యాట్ ఈజ్ ఎ ఫెమినిస్ట్ ఇష్యూ', 1986లో 'హంగర్ స్ట్రైక్' రాసింది. 1993లో సూసన్ బోర్డో 'అన్‌బేరబుల్ వెయిట్' వచ్చింది. ఈ పుస్తకాలు చేసిన మేలు చిన్నది కాదు. అంతవరకూ మొండితనమనో, అందం మీద మోజనో కొట్టిపారేసిన విషయంలో కుటుంబమూ, మార్కెట్టూ, పితృస్వామ్యమూ ఎలా కలిసి పనిచేస్తున్నాయో చూపించాయి.

అయితే ఈ పద్ధతిలో చదవడం అలవాటయ్యాక ఒకటి మన చూపు నుంచి జారిపోయింది. అది ఆకలి. శరీరాన్ని గ్రంథంలాగా చదువుతూ పోతే, ఆ గ్రంథానికి కడుపుందనీ, ఆ కడుపు కాలుతోందనీ మర్చిపోతాం. ఆకలి గురించి గత ముప్ఫై ఏళ్లలో శరీరశాస్త్రం తెలుసుకున్న సంగతుల్ని ఇద్దరు స్త్రీలు రాసిన రెండు నవలల పక్కన పెట్టి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. ఆ నవలలు సిట్సీ దాంగరెంబ్గా 'నెర్వస్ కండిషన్స్' (1988), అనితా దేశాయ్ 'ఫాస్టింగ్, ఫీస్టింగ్' (1999).

ముందు పేరు సంగతి చూద్దాం. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లసేగ్ అనే ఇద్దరు వైద్యులు విడివిడిగా ఒకే జబ్బును వర్ణించారు. ఆ జబ్బు ఎక్కువగా వయసులో ఉన్న ఆడపిల్లలకు వస్తోంది. తినరు, చిక్కి శల్యమవుతారు, అయినా తమకేమీ కాలేదంటారు. దానికి చివరికి నిలిచిన పేరు అనరెక్సియా నెర్వోసా. గ్రీకు మూలం ప్రకారం అనరెక్సియా అంటే ఆకలి లేకపోవడం. నూట యాభై ఏళ్లుగా వైద్యులూ, కుటుంబాలూ, సాహిత్య విమర్శకులూ కూడా ఈ పేరు నీడలోనే ఆలోచించారు. ఆ అమ్మాయికి ఆకలి లేదు, అందుకే తినడంలేదు. లేదా ఆకలిని జయించింది, అందుకే తినడంలేదు. మొదటి వాక్యం ఆమెను రోగిని చేస్తుంది, రెండోది యోగినిని చేస్తుంది. రెండూ ఆకలి లేదనే నమ్ముతాయి.

ఆకలి ఉందా లేదా అన్నది ఇప్పుడు కొంతవరకు రక్తపరీక్షలో కొలవగలిగిన విషయం. 1994లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం లెప్టిన్ అనే హార్మోన్‌ను కనుక్కుంది. కొవ్వు కణాలు దీన్ని తయారుచేస్తాయి. గాదెలో గింజలెన్ని ఉన్నాయో మెదడుకు చెప్పే లెక్క ఇది. కొవ్వు తగ్గితే లెప్టిన్ తగ్గుతుంది, కరువొచ్చిందని మెదడు అర్థం చేసుకుంటుంది. ఖర్చు తగ్గిస్తుంది. ఒంట్లో వేడి తగ్గుతుంది, బహిష్టు ఆగిపోతుంది, కొన్నాళ్లకు ఎముకలు గుల్లబారతాయి. 1999లో జపాన్‌లో మసయాసు కొజిమా, కెంజి కంగావా బృందం గ్రెలిన్‌ను కనుక్కుంది. ఇది ముఖ్యంగా కడుపులో తయారవుతుంది. భోజనానికి ముందు పెరుగుతుంది, తిన్నాక తగ్గుతుంది. రక్తంలో కలిసి మెదడులోని హైపోథాలమస్‌ను చేరి 'తిను' అని చెబుతుంది. లెప్టిన్ గాదె లెక్కయితే, గ్రెలిన్ కడుపు పెట్టే కేక.

అనరెక్సియాతో బాధపడుతున్న అమ్మాయిల్లో పరీక్షిస్తే, గ్రెలిన్ ఆరోగ్యంగా ఉన్న వాళ్లలో కంటే ఎక్కువగా ఉంది, లెప్టిన్ బాగా తక్కువగా ఉంది. అంటే శరీరం నోరు మూసుకుని లేదు, గొంతు చించుకుంటోంది. ఆ కేకకు తినడం ఎందుకు జవాబు కావడంలేదో వివరించడానికి పరిశోధకులు ఇంకా తంటాలు పడుతున్నారు. ఆ కేకకు మెదడు మొద్దుబారుతుందేమోనని కొందరి అనుమానం. ఏమైనా, బరువు తిరిగి పెరిగితే ఈ హార్మోన్లు చాలావరకు మామూలు స్థాయికి వస్తాయి. కనుక ఇవి జబ్బుకు కారణం అనడం కంటే పస్తుకు శరీరం ఇచ్చే జవాబు అనడం సబబు. అలాగని పుట్టుకతో వచ్చేదేమీ లేదనీ అనలేం. 2019లో సుమారు 17,000 మంది రోగుల జన్యువుల్ని పరిశీలించిన ఒక పెద్ద అధ్యయనం, ఈ జబ్బు మనసుకు సంబంధించినది మాత్రమే కాదు, జీవక్రియకు సంబంధించినది కూడా అని తేల్చింది.

ఇక్కడ మగవాళ్ల కథ ఒకటి చెప్పాలి. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45లో, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ ఒక ప్రయోగం చేశాడు. యుద్ధంలో పాల్గొనడానికి మనస్సాక్షి ఒప్పుకోని 36 మంది యువకులు దానికి ముందుకొచ్చారు. ఆరోగ్యవంతులు, మనోనిబ్బరం ఉన్నవాళ్లు. 24 వారాలపాటు వాళ్లకు అర్ధాకలి తిండి పెట్టారు. బరువులో దాదాపు నాలుగోవంతు పోయింది. వాళ్లు ఏమయ్యారో చూడండి. వంటల పుస్తకాలు కొని చదివారు, వంటకాల వివరాలు రాసి దాచుకున్నారు, పళ్లేలు నాకారు, కొద్దిపాటి తిండిని గంటలకొద్దీ కలిపి కెలికి తిన్నారు, ముభావంగా మారారు. కొందరు దొంగతనంగా తిని తర్వాత సిగ్గుతో కుమిలిపోయారు. మళ్లీ కడుపునిండా పెట్టడం మొదలుపెట్టాక కూడా, ఎంత తిన్నా నిండినట్టు అనిపించలేదన్నారు. పంతొమ్మిదో శతాబ్దపు వైద్యులు ఆడపిల్లల్లో చూసి హిస్టీరియా అన్న చేష్టలు ఇందులో ఎన్నో ఉన్నాయి. అవి స్త్రీ స్వభావం కాదు, పస్తు స్వభావం. స్త్రీవాద విమర్శకు ఇంత పదునైన సాక్ష్యం ఇంకొకటి దొరకదు. దీన్ని మనం తగినంతగా వాడుకోలేదు.

ఇప్పుడు న్యాషా దగ్గరికి వద్దాం. 'నెర్వస్ కండిషన్స్' 1960ల చివరి రొడీషియాలో, అంటే ఇప్పటి జింబాబ్వేలో, జరిగే కథ. కథ చెప్పేది తంబు అనే పల్లెటూరి అమ్మాయి. అన్న చనిపోవడంతో అతని స్థానంలో మిషన్ బడిలో చదువుకునే అవకాశం ఆమెకు వస్తుంది. ఆ బడి పెద్ద ఆమె పెదనాన్న. నవలలో అతన్ని బాబాముకురు అంటారు. షోనా భాషలో ఆ మాటకు అర్థమే పెదనాన్న. అతని భార్య మైగురు, అంటే పెద్దమ్మ. ఆమెకు కూడా ఎమ్మే డిగ్రీ ఉంది. ఆ సంగతి ఎవరికీ గుర్తుండదు. వాళ్ల కూతురు న్యాషా. చిన్నతనంలో ఇంగ్లండులో పెరిగి, తిరిగొచ్చి, రెండు లోకాల్లోనూ ఇమడలేక నలిగిపోతుంది. ఆ ఇంట్లో తండ్రీకూతుళ్ల యుద్ధరంగం భోజనాల బల్ల. పళ్లెంలోది మొత్తం తినమని తండ్రి ఆజ్ఞాపిస్తాడు. తినకపోతే తనను అవమానించినట్టే అతనికి. న్యాషా కుక్కుకుని తింటుంది, తర్వాత స్నానాలగదిలోకి వెళ్లి కక్కేస్తుంది.

పోస్టుగ్రాడ్యుయేట్ తరగతిలో ఈ నవల పాఠం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థిని అడిగింది: "మేడమ్, ఆమెకి ఆకలి వేసేది కాదా?" వలసవాదం గురించీ, సార్త్ర్ ముందుమాట నుంచి వచ్చిన శీర్షిక గురించీ మాట్లాడుకుంటున్న తరగతి ఒక్కసారి ఆగింది. వెనక బెంచీలో ఎవరో నవ్వారు. కానీ ఆ ప్రశ్న నవలను తెరిచే తాళంచెవి. జవాబు నవలలోనే ఉంది. చివరికొచ్చేసరికి ఎముకల గూడయిన న్యాషా ఒక రాత్రి తన గదిలో అద్దాలూ కుండలూ పగలగొడుతుంది, చరిత్ర పుస్తకాల్ని పళ్లతో చింపేస్తుంది. విమర్శకులు ఈ దృశ్యాన్ని వలసవాద చరిత్ర మీద తిరుగుబాటుగా చదివారు. ఆ చదవడం సరైనదే. కానీ చేతులుండగా పళ్లతో చింపడమేమిటి? ఆ నోరు ఎన్నాళ్లుగానో ఆకలితో ఉన్న నోరు. తిరుగుబాటు ఆ నోటితోనే జరిగింది. దాంగరెంబ్గా న్యాషాను తిండి అక్కరలేని సన్యాసినిని చెయ్యలేదు, ఆమె ఆకలిని చంపెయ్యలేదు. ఆకలి బతికే ఉందనీ, అది దారి మళ్లిందనీ చూపించింది.

తర్వాతి దృశ్యం ఇంకా కఠినమైనది. న్యాషాను నగరంలో ఒక తెల్ల మనోవైద్యుడి దగ్గరకు తీసుకెళతారు. ఆఫ్రికన్లకు ఈ జబ్బు రాదు, ఈ పిల్లది నాటకం అని అతను తేలుస్తాడు. ఆకలిలో కూడా జాతులున్నాయని నమ్మిన వైద్యం అది. తిండి అందుబాటులో ఉండీ తినకపోవడం నాగరికుల జబ్బు. నల్లవాళ్లకు తిండి దొరక్కపోవడం మాత్రమే ఉంటుంది. ఈ మాట మనకూ కొత్త కాదు. ఇది బాగా ఉన్న దేశాల పిల్లలకొచ్చే జబ్బనీ, మన పిల్లలకు రాదనీ మన దగ్గరా చాలాకాలం అనుకున్నారు. 1990లలో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మనోవైద్యుడు చిక్కిపోతున్న అమ్మాయిల గురించి రాశాడు. లావవుతామనే భయం వాళ్లలో చాలామందికి లేదు. కడుపు ఉబ్బరంగా ఉంది, ముద్ద దిగడంలేదు అనేవారు. 1995లో ఢిల్లీ వైద్యులు ప్రచురించిన ఒక వ్యాసంలోని ఐదుగురు యువతులదీ దాదాపు అలాంటి పరిస్థితే. పస్తులుంటే కడుపు ఖాళీ అవడం నిజంగానే నెమ్మదిస్తుంది. ఆ ఉబ్బరం సాకు కాదు. పాశ్చాత్య వైద్యగ్రంథంలో రాసిపెట్టిన 'లావు భయం' వీళ్ల నోట రాకపోయేసరికి వీళ్ల జబ్బు జబ్బు కాకుండా పోయింది. మన ఊళ్లలో ఇలాంటి పిల్లకు గ్యాస్ మాత్రలు రాసి, పెళ్లయితే సర్దుకుంటుందని చెప్పి పంపిస్తారు. హార్మోన్లకు రంగూ దేశమూ తెలియవు. గ్రెలిన్ హరారేలోనూ హైదరాబాదులోనూ ఒకేలా కేక పెడుతుంది. వినే చెవులకే పాస్‌పోర్టులున్నాయి.

నవల అచ్చయిన 1988లోనే, బులీమియాతో బాధపడే వాళ్లలో భోజనం తర్వాత 'ఇక చాలు' అని చెప్పే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోన్ తక్కువగా విడుదలవుతోందని అమెరికా వైద్యులు ప్రకటించారు. ఎంత తిన్నా చాలుననిపించకపోవడం బలహీనత కాదు, ఒంట్లో గంట సరిగా మోగకపోవడం. ప్రయోగశాలా నవలా ఒకదాన్నొకటి ఎరగవు. అయినా ఆ ఏడాది రెండూ ఒకే సంగతి చెప్పాయి: దీన్ని గుణదోషంగా చూడకండి.

నవలలో ఇంకో ఆకలి ఉంది, దాన్ని విమర్శకులు తక్కువగా పట్టించుకున్నారు. పండక్కి కుటుంబమంతా పల్లెలో చేరినప్పుడు బాబాముకురు మాంసం మోయించుకొస్తాడు. చిన్న ఫ్రిజ్‌లో పట్టక మిగతా మాంసం పచ్చబడిపోతుంది. తాజాది మగపెద్దలకు, పచ్చబడింది మిగతా వాళ్లకు. వండిన మైగురూ, ఇతర ఆడవాళ్లూ చివర్న తింటారు. తంబు పై చదువుకు కాన్వెంటుకు వెళ్లడానికి సిద్ధమైనప్పుడు ఆమె తల్లి కూడా తిండి మానేస్తుంది. కొడుకును మింగిన ఇంగ్లీషు చదువు కూతుర్నీ మింగుతుందనే దిగులు ఆమెది. అప్పుడు ఆమె చెల్లెలు లూసియా వచ్చి, ఏటికి తీసుకెళ్లి, తినిపించి, మనిషిని చేస్తుంది. న్యాషాకు లూసియా లేదు. తంబు తల్లిని లేపింది సిద్ధాంతం కాదు, ముద్ద కలిపి పెట్టిన చెల్లెలు. నిరసనగా మొదలైన పస్తు ఒక హద్దు దాటాక మనిషి చేతిలో ఉండదు. లెప్టిన్ పడిపోయిన మెదడు వేరే మెదడు. ఆ దశలో కావలసింది అర్థం చెప్పేవాళ్లు కాదు, అన్నం పెట్టేవాళ్లు. అర్థం తర్వాత వస్తుంది.

'ఫాస్టింగ్, ఫీస్టింగ్' గ్రెలిన్ కనుక్కున్న 1999లోనే వచ్చింది, బుకర్ తుది జాబితాలోనూ నిలిచింది. మొదటి భాగం భారతదేశంలో చిన్న పట్టణం. పెళ్లి కాని ఉమ తల్లిదండ్రులకు సేవలు చేస్తూ ఉంటుంది. తండ్రికి నారింజ తొనలు ఒలిచిపెడుతుంది. ఇంటి తిండంతా, శ్రద్ధంతా కొడుకు అరుణ్ మీద. రెండో భాగం అమెరికాలోని మసాచుసెట్స్. చదువుకోడానికి వెళ్లిన అరుణ్ ప్యాటన్ కుటుంబంతో వేసవి గడుపుతాడు. ఫ్రిజ్ నిండా తిండి, పెరట్లో మాంసం కాల్చే తండ్రి, బజారు మొత్తం ఇంటికి మోసుకొచ్చే తల్లి. కూతురు మెలనీ మిఠాయిలు మెక్కి కక్కుకుంటూ ఉంటుంది. ఎవరూ చూడరు. కోపంతో వంకర తిరిగిన ఆ ముఖంలో అరుణ్‌కు తన అక్క ఉమ ముఖం కనిపిస్తుంది. నవలకు గుండెకాయ ఇదే. లేమి ఉన్న ఇల్లూ, కలిమి ఉన్న ఇల్లూ ఒకే ముఖాన్ని తయారుచేశాయి. ఉమకు తిండి జబ్బు లేదు. ఆమెది వేరే ఆకలి. ఈ రెండింటినీ కలిపేసి అంతా ఒకటే అనడం తేలిక. దేశాయ్ అలా కలపదు. పోలిక చూపించి ఆగిపోతుంది. విమర్శ కూడా అక్కడ ఆగడం నేర్చుకోవాలి.

మన ఇళ్లకూ దీనికీ సంబంధం ఉంది. "వండి వండి ఆకలి చచ్చిపోయిందే" అనే మాట మా అమ్మ నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మీరూ వినే ఉంటారు. దీన్ని త్యాగం అని ఒకరూ, అణచివేత అని ఇంకొకరూ అంటారు. శరీరశాస్త్రం ఇంకో మాట చేర్చుతుంది. గ్రెలిన్ అలవాటైన భోజన వేళకు పెరుగుతుంది. రోజంతా ఏమీ తినని వాళ్లలో కూడా ఆ వేళకు పెరిగి, కాసేపటికి దానంతటదే తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, మూడింటికి విస్తరి ముందు కూర్చునే మనిషికి ఆకలి చచ్చిందంటే అది అబద్ధం కాదు. అల వచ్చి వెళ్లిపోయింది. అది వచ్చినప్పుడు ఆమె ఎవరికో మారు వడ్డిస్తోంది. మన సాహిత్యం వంటింటి చాకిరీ గురించి గట్టిగానే మాట్లాడింది. విమల 'వంటిల్లు' తెలియని వాళ్లుండరు. వండే మనిషి ఆకలి గురించి మాత్రం ఇంకా చెప్పాల్సింది చాలా ఉంది. ఆకలి అంటే మన కవిత్వానికి వెంటనే గుర్తొచ్చేది వర్గం. ఒకే ఇంట్లో, ఒకే కుండ దగ్గర, ఒకరికి ముందూ ఒకరికి వెనకా వేసే ఆకలి గుర్తుకురాదు.

అలాగని అట్లతద్ది ఉపవాసాన్నీ, ఆఖర్న తినడాన్నీ, అనరెక్సియానూ ఒకే గాటన కట్టకూడదు. మొదటి రెండూ ఆచారాలు, మూడోది జబ్బు. మానసిక వ్యాధుల్లో మరణాలు అత్యధికంగా ఉన్న వాటిలో అదొకటి. అయితే ఆడపిల్ల తినకపోతే మెచ్చుకునే ఇంట్లో, జబ్బు చాలాకాలం మంచి గుణంలాగా దాక్కోగలదు. గుర్తుపట్టడం ఆలస్యమయ్యేది అక్కడే.

హార్మోన్ల మాట ఎత్తగానే మనలో చాలామందికి అనుమానం వస్తుంది. రావాలి కూడా. గర్భాశయం పేరు చెప్పి, బహిష్టు పేరు చెప్పి స్త్రీలను చదువులకూ ఉద్యోగాలకూ దూరంగా ఉంచిన చరిత్ర మర్చిపోదగింది కాదు. అన్నీ హార్మోన్లే అంటే బాబాముకురు దోషం లేనట్టే. కానీ ఇక్కడ హార్మోన్ చెప్పే సాక్ష్యం అమ్మాయికి వ్యతిరేకం కాదు, ఆమె తరఫున. ఆమె నటించడంలేదనీ, ఆమెకు ఆకలి తెలుసనీ, పస్తే ఆమెను మరింత పస్తులోకి తోస్తోందనీ చెబుతుంది. ఏ ఆడపిల్లకు, ఏ ఇంట్లో, ఏ వయసులో ఈ పస్తు మొదలవుతుందన్నది మాత్రం హార్మోన్ చెప్పలేదు. అది నవల చెప్పాలి. ఈ రెండు సాక్ష్యాల్లో ఏ ఒక్కటి తీసేసినా న్యాషా కేసు మళ్లీ ఆ తెల్ల డాక్టరు చేతికే వెళుతుంది.

ఈ చర్చకు ఇప్పుడు ఇంకో తొందర వచ్చిపడింది. పేగుల్లో తయారయ్యే జీఎల్‌పీ-1 అనే హార్మోన్‌ను అనుకరించి ఆకలిని తగ్గించే ఇంజెక్షన్లు 2025లో మన దేశంలో కూడా బరువు తగ్గడానికి అమ్మకానికి వచ్చాయి. మధుమేహం, ఊబకాయం ఉన్నవాళ్లకు అవి నిజంగా మేలు చేస్తున్నాయి, ఆ మేలును తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆకలి అనేది నొక్కి ఆపగల స్విచ్ అనే ఊహ ఆడవాళ్ల మధ్యకు వచ్చేసింది. పెళ్లిచూపులకు ముందు నోరు కట్టుకోమని పిల్లకు చెప్పే సమాజంలో ఆ స్విచ్ ఎవరి చేతిలో ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఆకలి లేకపోవడమే స్త్రీకి ఘనత అనే పాత నమ్మకానికి ఇప్పుడు సూదిమందు దొరికింది.

అందుకే విమర్శకు ఒక పని మిగిలి ఉంది. తినని స్త్రీ పాత్ర ఎదురైనప్పుడు ఆమె పస్తు దేనికి ప్రతీక అని అడిగే ముందు, ఆమె ఎప్పుడు తింది, ఏం తింది, ఎవరి తర్వాత తింది, ఆకలి వేసినప్పుడు ఏం చేసింది అని అడగాలి. మంచి రచయిత్రులు ఈ వివరాలన్నీ రాసే ఉంచారు. దాంగరెంబ్గా మాంసం రంగు కూడా రాసింది. ఇంకో పని కూడా ఉంది, అది పుస్తకం మూసేశాక చెయ్యాల్సింది. మన తరగతుల్లో, హాస్టళ్లలో, ఇళ్లలో చిక్కిపోతున్న పిల్ల కనిపిస్తే ఆమె మౌనానికి భాష్యం రాయడం తర్వాత సంగతి. ముందు పక్కన కూర్చుని తిన్నావా అని అడగాలి. తిన్నానంటే నమ్మేసి లేచిపోకూడదు. తోడుగా డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మన పిల్లలకు ఇలాంటివి రావని ఆ డాక్టరంటే, ఇంకో డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి.